పాప 1/2 + 1/3 = 2/5 అంటోంది. ఎందుకు తప్పో ఎలా చెప్పాలి?

అనకాపల్లి అమ్మ
ఆదివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మా పాప ఐదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంట్లో లెక్కలు చూసేది నేనే. ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. భిన్నాలు మొదలయ్యాక మాత్రం రోజూ సాయంత్రం ఇద్దరికీ టెన్షనే.

మొన్న హోంవర్క్‌లో 1/2 + 1/3 = 2/5 అని రాసింది. తప్పమ్మా అన్నాను. "పైనవి పైన కలిపాను, కిందవి కింద కలిపాను, తప్పెక్కడుంది?" అంది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఇంగ్లీష్‌లో LCM) తీయించి దగ్గరుండి చేయించాను, 5/6 వచ్చింది. "సరే, ఇది కరెక్ట్. కానీ నాది ఎందుకు తప్పు?" అని మళ్లీ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మాకు అలాగే నేర్పారు, అలాగే చేస్తూ వచ్చాం.

ఇంకా రెండు ఉన్నాయి. 1/4, 1/8 లో ఏది పెద్దదంటే 1/8 అంటుంది, నాలుగు కంటే ఎనిమిది పెద్దది కాబట్టి. 2/3 ని 4/6 గా మార్చాలంటే పైనా కిందా రెండుతో గుణించాలని పుస్తకంలో ఉంది. "రెండుతో గుణిస్తే డబుల్ అవ్వాలి కదా, సమానం అంటారేంటి?" అని దానికీ అడ్డుపడింది.

పిల్ల అడిగేవి న్యాయమైన ప్రశ్నలే. సూత్రం ఒక్కటే కాకుండా కారణం కూడా చెప్పగలిగినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.


పరుగు పెన్సిల్
ఆదివారం, రాత్రి 9:05

అక్కా, అడ్డగుణకారం నేర్పించండి. పైన 1×3 + 1×2, కింద 2×3. జవాబు 5/6. పది సెకన్ల పని. నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను, ఇదే వాడతాను. ఎందుకు, ఏమిటి అన్నవి పెద్దయ్యాక వాటంతట అవే తెలుస్తాయి.


పలక బలపం
ఆదివారం, రాత్రి 10:20

అమ్మా, ప్రాథమిక పాఠశాలలో 31 ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మీ పాప వేసిన 2/5 ప్రతి ఏడూ ప్రతి తరగతిలో చూశాను. దాన్ని కొట్టేసి పక్కన సరైన జవాబు రాస్తే పిల్ల ఊరుకుంటుంది గానీ, మనసులో 2/5 అలాగే ఉండిపోతుంది.

ముందు ఆ జవాబులో తేడా ఉందని తనే పట్టుకునేలా చెయ్యండి. సగం దోసె తింది. తర్వాత అదే దోసెలో ఇంకొంచెం తింది. మొత్తం తిన్నది సగం కంటే ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా? ఎక్కువే. ఇప్పుడు 2/5 చూడమనండి. ఐదు ముక్కల్లో రెండు. ఐదులో సగం రెండున్నర, కాబట్టి 2/5 సగానికి తక్కువ. మళ్లీ తిన్నాక తిన్నది తగ్గిపోయిందన్నమాట. క.సా.గు. ఊసెత్తకుండానే పిల్ల "ఇదెలా కుదురుతుంది" అంటుంది. ఆ మాట వచ్చాకే ముందుకు వెళ్లండి.

ఇక పైన ఉండే లవం, కింద ఉండే హారం. హారం చూడడానికి అంకె. అది చేసేది మాత్రం పేరు పని. ముక్కకి పేరు పెడుతుంది. ఒక వస్తువుని మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కో ముక్క పేరు మూడో వంతు. లెక్కపెట్టేది లవం: ఆ పేరున్న ముక్కలు ఎన్ని? 2/3 అంటే మూడో వంతులు రెండు. రెండు కిలోలు, రెండు మూరలు అన్నట్టే రెండు మూడో వంతులు.

ఇలా చూస్తే 2/7 + 3/7 కి సూత్రం అక్కర్లేదు. ఏడో వంతులు రెండు, ఏడో వంతులు మూడు, కలిపితే ఏడో వంతులు ఐదు. పేరు పేరులాగే ఉంటుంది, లెక్క కలుస్తుంది. మరి 1/2 + 1/3? అది ఒక మామిడిపండు, ఒక జామకాయ కలపడం లాంటిది. రెండు మామిడిపళ్లు అనలేం, రెండు జామకాయలూ అనలేం. ఇద్దరికీ సరిపోయే పేరు వెతకాలి. సగాన్ని మూడు ముక్కలు చెయ్యండి, మూడో వంతుని రెండు ముక్కలు చెయ్యండి. రెండు చోట్లా వచ్చే ముక్క ఒకటే, ఆరో వంతు. సగంలో అవి మూడు, మూడో వంతులో రెండు. మొత్తం ఐదు. అదే 5/6. క.సా.గు. చేసే పని ఆ ఉమ్మడి పేరు వెతకడమే.

ఒక్క మనవి. పిల్ల ఇంగ్లీష్ మీడియమే కావచ్చు, నెల రోజులు ఇంట్లో భిన్నాన్ని తెలుగులో చదివించండి. మనం "మూడింట రెండు వంతులు" అంటాం. ఎన్ని భాగాలు చేశామో ముందు, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత. పని జరిగే వరసలోనే మాట నడుస్తుంది. "టూ బై త్రీ" అన్నప్పుడు పిల్ల చెవికి రెండు అంకెలూ మధ్యలో ఒక గీతా తప్ప ఏమీ అందదు. రెండు అంకెలుగా వింటుంది కాబట్టే వాటిని విడివిడిగా కలుపుతుంది.

1/4, 1/8 సంగతి దీంతోనే తీరుతుంది. ఒక లడ్డూ నలుగురికి పంచితే వచ్చే ముక్క, ఎనిమిది మందికి పంచితే వచ్చే ముక్క చేతిలో పెట్టండి చాలు.

ఏది పైన, ఏది కింద అని తడబడితే: హారం మెడలో వేసుకుంటే కిందికే వేలాడుతుంది. మా పిల్లలెవరూ అది మర్చిపోలేదు.


గళ్ల నోట్‌బుక్
ఆదివారం, రాత్రి 11:02

మాస్టారు చెప్పాక నేను చెప్పేది కొంచెమే. "గుణిస్తే డబుల్ అవ్వాలి కదా" అన్నదానికి కాగితం మడత మంచి జవాబు. నేను బీఎస్సీ చదువుతూ ట్యూషన్ చెబుతాను, ఏ పిల్లకైనా మొదటి రోజు ఇదే.

గీతల్లేని తెల్ల కాగితం ఒకటి తీసుకోండి. నిలువుగా మూడు సమాన మడతలు పెట్టండి. ఉత్తరం మడిచినట్టు ఒక అంచు లోపలికి, రెండో అంచు దాని మీదికి వచ్చేలా జరుపుతూ సరిచేస్తే మూడూ సమానంగా కుదురుతాయి. విప్పి రెండు భాగాలకు రంగు వెయ్యమనండి. అది 2/3. ఇప్పుడు అదే కాగితాన్ని అడ్డంగా సగానికి మడిచి విప్పండి. గళ్లు ఆరయ్యాయి, రంగున్నవి నాలుగు. 4/6. మధ్యలో రంగు ఎవరైనా ముట్టుకున్నారా? లేదు. గళ్లు రెట్టింపయ్యాయి, ఒక్కో గడి సగమైంది.

లవాన్ని రెండుతో గుణించడం అంటే ముక్కల లెక్క రెట్టింపు కావడం. హారాన్ని రెండుతో గుణించడం అంటే ముక్క సైజు సగం కావడం. ఒకటి పెంచుతుంది, ఇంకోటి అంతే తగ్గిస్తుంది. ఒక్క లవాన్నే గుణించి ఉంటే పాప చెప్పినట్టు డబుల్ అయ్యేదే, 4/3 వచ్చేది. తన అనుమానం అక్కడికి సరైనదే అని తప్పకుండా చెప్పండి.


అనకాపల్లి అమ్మ
సోమవారం, రాత్రి 9:30

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ సాయంత్రం రెండూ చేశాం.

దోసె మాట చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఐదు గళ్లు గీసి రెండు నింపి, పక్కన సగం దగ్గర గీత పెట్టుకుని "తగ్గిపోయింది" అంది. కాగితం మడత బాగా పట్టేసింది. 2/3 వేసిన కాగితాన్ని అడ్డంగా సగానికి మడిచి 4/6 అంది. దాన్నే మళ్లీ సగానికి మడిచి 8/12 అంది. ఇంకోసారి మడవబోతే కాగితం మందమై మడత వంకరపోయింది. అప్పుడు మడవకుండానే "ఇప్పుడు 16/24 కదమ్మా" అంది. నాకు చాలా సంతోషమైంది.

కానీ పడుకునే ముందు ఇంకో ప్రశ్న తెచ్చింది. స్కూల్లో యూనిట్ టెస్టులయ్యాయి. ఒకదానిలో 15/20, ఇంకోదానిలో 18/25. రిపోర్టులో మొత్తం 33/45 అని వేశారు. "చూడు, మా టీచర్ కూడా పైనవి పైన, కిందవి కింద కలిపారు. వాళ్లది రైటు, నాది తప్పా?" అంది.

ఇంతకీ ఆ 2/5 ఇక్కడి నుంచే వచ్చిందని నాకు ఇప్పుడు అర్థమైంది. దీనికి ఏం చెప్పను?


పలక బలపం
సోమవారం, రాత్రి 9:48

అమ్మా, ఇన్నేళ్లలో పిల్లలు ఆ 2/5 ఎక్కడి నుంచి తెస్తారో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నేను రేపు ఉదయం రాస్తాను, తొందరపడి చెప్పకూడని ప్రశ్న ఇది. మిగతావాళ్లు కూడా ఆలోచించండి.


గళ్ల నోట్‌బుక్
సోమవారం, రాత్రి 11:40

మాస్టారు రాసేలోపు నాకు తట్టింది పెడుతున్నాను.

మార్కుల్లో ఒక్కో మార్కు సైజు ఎప్పుడూ ఒకటే. 20 మార్కుల పేపర్లో మార్కూ మార్కే, 25 మార్కుల పేపర్లో మార్కూ మార్కే. అక్కడ మారుతున్నది మొత్తం. మొదటి పేపరు 20, రెండోది 25, రెండు పేపర్లూ పక్కపక్కన పెడితే 45 మార్కుల పెద్ద పేపరు ఒకటి తయారైంది. 33/45 అనేది ఆ పెద్ద పేపర్లో వంతు.

దోసెలో మొత్తం మారదు, ఒకటే దోసె. మారేది ముక్క. సగం ముక్క పెద్దది, మూడో వంతు ముక్క చిన్నది.

కాబట్టి మార్కుల్లో ముక్క మారదు, మొత్తం మారుతుంది. దోసెలో మొత్తం మారదు, ముక్క మారుతుంది. ప్లస్ గుర్తు పెట్టి 1/2 + 1/3 అని రాసినప్పుడు రెండూ ఒకే మొత్తంలోవి అని ఒప్పందం. రిపోర్టులో 15/20, 18/25 మధ్య ఎవరూ ప్లస్ పెట్టరు, గమనించండి.


పలక బలపం
మంగళవారం, ఉదయం 6:15

గళ్ల నోట్‌బుక్ చెప్పింది సరిగ్గా ఉంది. నేను ఒక్క ఉదాహరణ కలుపుతాను, పిల్లకి ఇది చూపిస్తే తనే తేల్చుకుంటుంది.

రెండు మార్కుల ప్రశ్నకి ఒకటి వచ్చింది, మూడు మార్కుల ప్రశ్నకి ఒకటి వచ్చింది. మొత్తం ఐదుకి రెండు. 2/5. తప్పు లేదు. ఇదే పద్ధతిలో రెండు పేపర్లలోనూ నూటికి నూరు వచ్చిందనుకోండి: 20/20, 25/25. మొత్తం 45/45, అంటే ఒకటి. కానీ ఒక పూర్తి దోసె, ఇంకో పూర్తి దోసె కలిపితే ఒకటా, రెండా? 1 + 1 = 2 కావాలి. మార్కుల పద్ధతిలో 1 వచ్చింది. అంటే అది కూడిక కాదు, వేరే పని. రెండు పేపర్లు కలిపి చూస్తే సగటున ఎలా రాసిందో అది చెబుతుంది. అందుకే 33/45 ఎప్పుడూ 15/20 కీ 18/25 కీ మధ్యలోనే ఉంటుంది. 75 శాతానికీ 72 శాతానికీ మధ్య, 73 చిల్లర.

మీ పాప తప్పు చెయ్యలేదమ్మా. ఒక చోట పనికొచ్చే పద్ధతిని ఇంకో చోటికి తీసుకెళ్లింది. ఆ మాట తనతో అలాగే అనండి.


పరుగు పెన్సిల్
మంగళవారం, ఉదయం 10:10

నేను మొదట రాసిన జవాబు మళ్లీ చదువుకున్నాను. అడ్డగుణకారం వాడతాను గానీ, అది ఎందుకు పనిచేస్తుందో ఇక్కడ చదివాకే ఆలోచించాను. 2×3 అనేదే ఉమ్మడి ముక్క పేరన్నమాట. సరేనా మాస్టారూ? అలాగైతే క.సా.గు. ఎందుకు, ఎప్పుడూ హారాలు రెండూ గుణించేస్తే సరిపోదా?


పలక బలపం
మంగళవారం, ఉదయం 11:00

సరిపోతుంది నాయనా, జవాబు ఎప్పుడూ సరైనదే వస్తుంది. కానీ 5/12 + 7/18 చేసి చూడు. అడ్డగుణకారంలో 90 + 84, కింద 216. 174/216. మళ్లీ ఆరుతో కొట్టాలి, అప్పుడు 29/36. క.సా.గు. 36 తీసుకుంటే 15/36 + 14/36, నేరుగా 29/36. 216 ముక్కలుగా కోసి మళ్లీ అతికించే కంటే 36 ముక్కలు కోస్తే చాలు కదా. చిన్న హారాలకి నీ పద్ధతి, పెద్దవాటికి క.సా.గు.


సిద్దిపేట రైతుబిడ్డ
మంగళవారం, మధ్యాహ్నం 1:25

నమస్తే. నాదొక ముచ్చట చెప్తా, అక్కకు పనికొస్తదేమో.

మా దిక్కు భూమి గుంటల్లో కొలుస్తరు, ఎకరానికి 40 గుంటలు. మా ఆవిడది కృష్ణా జిల్లా. వాళ్ల దిక్కు సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు. పెండ్లయిన కొత్తల మా మామగారు "25 సెంట్ల చెక్క" అన్నడు. నేను గుంటల లెక్కల ఊహించుకుని అర ఎకరం దాటుతదనుకున్న. తీరా చూస్తే పావెకరం. మా దాంట్ల అది 10 గుంటలు. ఎకరం రెండు దిక్కులా ఒక్కటే, 4840 చదరపు గజాలు. హారమే వేరే. 10/40, 25/100, రెండూ పావే.

అప్పటి నుంచి నేను సమాన భిన్నం అంటే ఇదే చెప్తా. భూమి గజం పెరగలే, గజం తగ్గలే. కోసిన తీరు మారింది.

పాపకు ఒక లెక్క ఇస్తున్నా: ఒక దగ్గర 15 గుంటలు, ఇంకో దగ్గర 30 సెంట్లు ఉంటే మొత్తం ఎకరంల ఎంత వంతు? తొందరేం లేదు.


మూడో అంపైర్
మంగళవారం, మధ్యాహ్నం 2:00

క్రికెట్ చూసే పిల్లలకి ఇంకోటి. 19.3 ఓవర్లు అంటే 19 ఓవర్ల మూడు బంతులు. ఓవర్‌కి ఆరు బంతులు కాబట్టి అది 19న్నర. చుక్క చూసి దశాంశం అనుకుంటే పొరపాటు, ఆ చుక్క తర్వాత అంకెకి హారం ఆరు. 19.4 అంటే 4/6, మూడింట రెండు వంతులు. మా అబ్బాయికి 3/6 = 1/2, 2/6 = 1/3 అన్నవి ఇలాగే వచ్చాయి. ఐదో బంతి తర్వాత ఆరో బంతి పడితే 19.6 అని ఎందుకు వెయ్యరు, 20 అని ఎందుకు వేస్తారు అంటే, 6/6 అంటే ఒకటి కాబట్టి.


పాత లెక్కలు
మంగళవారం, సాయంత్రం 5:40

సిద్దిపేట మిత్రుడి గుంటలు, సెంట్లు చదివాక పావలా గుర్తొచ్చింది. పాత రూపాయికి 16 అణాలు. అందులో నాలుగు అణాలు పావలా, 4/16. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలు వచ్చాయి. అప్పుడు పావలా 25/100 అయింది. హారం 16 నుంచి 100 కి మారినా జనం పిలిచే పేరు మారలేదు, ఎందుకంటే విలువ మారలేదు. 2011 లో 25 పైసల బిళ్ల చెలామణీలోంచి పోయేదాకా అది పావలాయే. రెండణాల బేడకి ఆ అదృష్టం లేదు. 2/16 ని వందలోకి మారిస్తే పన్నెండున్నర, అణాని మారిస్తే ఆరుంపావు. పూర్తి పైసల్లోకి రావు. ఏ హారం ఏ హారంలోకి తేలిగ్గా మారుతుందో, ఏది మొరాయిస్తుందో ఆ నాణేల్లో కనిపిస్తుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను, ఇష్టమైన విషయం కాబట్టి. మన పాత తెలుగు లెక్కల్లో భిన్నాలని నాలుగు నాలుగుగా కోసుకుంటూ వెళ్లేవారు: పావు, అందులో పావు 1/16, అందులో పావు 1/64. వీటికి ప్రత్యేకమైన అంకెలుండేవి, ఒక స్థానానికి ఒక రకం, పక్క స్థానానికి ఇంకో రకం. సున్నలు కూడా రెండు, ఒకదాని పేరు హళ్లి. "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అన్న మాట అందరూ విన్నదే. ఆ అంకెల్ని 2008 లో కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లో కూడా చేర్చారు.

9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితంలో (మన పావులూరి మల్లన తెలుగు చేసింది దాన్నే) భిన్నాల లెక్కలకి వాడిన పేరు కళాసవర్ణం. కళ అంటే భాగం. సవర్ణం అంటే ఒకే జాతిది. సవర్ణదీర్ఘ సంధి బళ్లో చదివాం కదా, ఒకే రకం అచ్చులు కలిసినప్పుడు వచ్చేది. ఆ సవర్ణమే ఇది. హారాలు వేరైన భిన్నాలని ఒకే జాతికి తెచ్చాకే కలపాలని పేరులోనే పెట్టారు. మాస్టారు మామిడిపండు, జామకాయ అన్నదీ అదే మాట.


డాలస్ వంటిల్లు
బుధవారం, ఉదయం 7:30

ఇక్కడ వంటింట్లో కొలత కప్పులు ఒకదాంట్లో ఒకటి పట్టేలా సెట్‌గా వస్తాయి: 1, 1/2, 1/3, 1/4. మా బాబు 1/4 కప్పు 1/3 కప్పులోకి దూరడం చూశాక "నాలుగు పెద్దది" అనడం మానేశాడు. ఉప్మాకి ముప్పావు కప్పు రవ్వ కావాలంటే ఆ సైజు కప్పు మా సెట్‌లో లేదు. పావు కప్పు మూడుసార్లు పోస్తాడు, లవం అంటే ఎన్నిసార్లు పోశామో అది అని తనే చెప్పాడు. నేను నేర్పలేదు.


అనకాపల్లి అమ్మ
బుధవారం, రాత్రి 9:15

ఎంత మంది రాశారో! ఒక్కోటి రోజుకి ఒకటి చొప్పున చెబుతున్నాను, అన్నీ ఒకేసారి పోస్తే బరువవుతుంది.

మార్కుల సంగతి తీరింది. 20/20, 25/25 ఉదాహరణ చెప్పగానే "ఓ, అది కలపడం కాదా" అంది.

ఇవాళ్టి చిక్కులు మూడు. 6/8, 9/12 సమానమా అని పుస్తకంలో ఉంది. ఎనిమిదిని దేంతో గుణించినా 12 రాదు కాబట్టి కాదంది. 2/3 కి పైనా కిందా ఒకటి కలిపి 3/4 సమానం అని రాసింది. 12/24 లో పైన రెండు, కింద రెండు కొట్టేసి 1/4 వేసింది. మూడోదానికి "నిన్న 16/64 లో ఆరూ ఆరూ కొట్టేస్తే 1/4 వచ్చింది, టీచర్ రైట్ పెట్టారు" అంటోంది.


గళ్ల నోట్‌బుక్
బుధవారం, రాత్రి 10:05

16/64 చూసి ఆశ్చర్యపోకండి అక్కా, అది నిజంగానే 1/4. పదహారుతో పైనా కిందా భాగిస్తే వస్తుంది. ఆరు కొట్టేస్తే కూడా అదే రావడం యాదృచ్ఛికం. 19/95, 26/65, 49/98 కూడా ఇలాగే కలిసొస్తాయి, అందుకే పిల్లలు నమ్మేస్తారు. 16 లో ఉన్న ఆరు గుణకారంలో భాగం కాదు, అది పది ప్లస్ ఆరు. కొట్టివేయడం అంటే పైనా కిందా ఒకే సంఖ్యతో భాగించడం, అంకెని చెరపడం కాదు. 12/24 ని రంగు గళ్లలో వేయించండి, సగం అని కళ్లకే తెలుస్తుంది. "కొట్టేయ్" అనే మాటే కొన్నాళ్లు మానేసి "మూడుతో భాగించు", "నాలుగుతో భాగించు" అనండి.

ఒకటి కలపడం: 2/3 లో పూర్తి కావడానికి మిగిలింది మూడో వంతు. 3/4 లో మిగిలింది నాలుగో వంతు. మిగిలిన ముక్కలు సమానం కానప్పుడు తిన్నవి సమానం ఎలా అవుతాయి? 1/2 తో మొదలుపెట్టి ఒకటి కలుపుతూ పొమ్మనండి: 2/3, 3/4, 4/5. ప్రతిసారీ పెరుగుతూ ఒకటికి దగ్గరవుతుంది.

6/8, 9/12 మాత్రం మంచి చిక్కు. ఎనిమిది నుంచి పన్నెండుకి ఎగబాకక్కర్లేదు. ముందు కిందికి దిగండి. 6/8 ని రెండుతో భాగిస్తే 3/4. 9/12 ని మూడుతో భాగిస్తే 3/4. ఇద్దరూ ఒకే ఇంటి నుంచి వచ్చినవాళ్లే. కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కడం అలవాటైతే ఏ రెండు సమాన భిన్నాల మధ్యైనా దారి దొరుకుతుంది.


చెక్కపని
గురువారం, ఉదయం 8:20

నేను వడ్రంగిని. ఇంటర్ దాకా చదివాను. మా టేపులో అంగుళానికి 16 గీతలుంటాయి. గీతలు లెక్కపెడితే 12/16, కానీ ముప్పావు అంగుళం అంటాం. పొట్టి గీత, మధ్య గీత, పొడుగు గీత అని వేర్వేరు ఎత్తులు పెట్టింది దానికే. సగం గీత అన్నిటికంటే పొడుగు, తర్వాత పావులు, తర్వాత ఎనిమిదో వంతులు, చివరికి పదహారో వంతులు. పాపకి వడ్రంగి టేపు ఇచ్చి 1/2 దగ్గర వేలు పెట్టమనండి. అదే గీత 2/4, అదే 4/8, అదే 8/16. ఒక గీతకి నాలుగు పేర్లు.

ఇంకోటి. బళ్లో ఎప్పుడూ చిన్న రూపానికి తెమ్మంటారు. మా పనిలో రోజూ తిరగబడి చేస్తాం. ముప్పావు అంగుళం చెక్కని చిత్రిక పట్టి పదహారో వంతు తీసేస్తే ఎంత మిగులుతుంది? 3/4 లా ఉంచుకుంటే చెప్పలేను. 12/16 గా చూస్తే 11/16, వెంటనే తెలుస్తుంది. చెప్పడానికి చిన్న రూపం, కలపడానికీ తీసెయ్యడానికీ అక్కరకొచ్చే రూపం.


నగల పని
గురువారం, మధ్యాహ్నం 12:10

మా వైపు నుంచి కూడా ఒకటి. 22 క్యారెట్లు అంటే 24 వంతుల్లో 22 బంగారం. 22/24, అంటే 11/12. వెయ్యిలోకి మారిస్తే 916 చిల్లర. హాల్‌మార్క్ మీద 916 అదే. 18 క్యారెట్లకి 18/24, ముప్పావు, దాని మీద 750 ఉంటుంది. పాపకి ఇంట్లో గాజు మీద ముద్ర చూపించండి, భూతద్దం కావాలి.


పలక బలపం
గురువారం, సాయంత్రం 4:30

చెక్కపని గారూ, ఈ వాక్యం నేను సర్వీసులో ఉండగా విని ఉంటే బాగుండేది. "చిన్న రూపానికి తెచ్చి రాయుము" అని పిల్లలతో వేలసార్లు రాయించాను. ఎందుకు తేవాలో, ఎప్పుడు తేనక్కర్లేదో చెప్పింది తక్కువ.

అమ్మా, సిద్దిపేట బాబు ఇచ్చిన గుంటల లెక్క పాప చేసిందా? 40, 100 ల క.సా.గు. 200. 75/200, 60/200. అలా చేయించండి, కానీ వేరే దారి పట్టినా ఆపకండి.


అనకాపల్లి అమ్మ
శుక్రవారం, రాత్రి 8:40

చేసింది మాస్టారూ. నేను పక్కన కూర్చున్నాను గానీ నోరు విప్పలేదు.

ముందు 15/40 + 30/100 అని రాసుకుంది. పెన్సిల్ కాసేపు రెండు హారాల మధ్య ఆగింది. 45/140 రాస్తుందేమో అని నాకు గుండె దడగా ఉంది. రాయలేదు. "పేర్లు వేరు" అని గొణిగింది. 200 కి వెళ్లలేదు. 30/100 ని పదితో భాగించి 3/10 చేసింది. తర్వాత "పదో వంతుని నాలుగు చేస్తే నలభయ్యో వంతు" అంటూ నాలుగుతో గుణించి 12/40 రాసింది. 15 కి 12 కలిపి 27/40.

"ఎకరంలో నలభై ఇంట ఇరవై ఏడు వంతులు. అంటే 27 గుంటలు, సిద్దిపేట అంకుల్‌కి చెప్పు" అంది. తర్వాత మన వైపు సెంట్లలో ఎంతో తనే అడిగి, కాగితం ఇంకోవైపు తిప్పి, కాసేపు కుస్తీ పట్టి 67న్నర అని చూపించింది.


సిద్దిపేట రైతుబిడ్డ
శుక్రవారం, రాత్రి 9:02

రెండూ కరెక్ట్. మా ఆవిడకు చూపించిన. ఈసారి గుంటల నుంచి సెంట్లకు కాకుండ, సెంట్ల నుంచి గజాలకు ఒక లెక్క పంపుతా అంటుంది. సెంటుకు 48.4 గజాలని పాపకు ముందే చెప్పి పెట్టు అక్కా.